ఎనిమిదిన్నర కొలత

సార్, నా పేరు దూదేకుల దస్తగిరమ్మ.
మాది నాగులగుట్టపల్లె.
మండలాఫీసులో చీపురు నాదే,
ఆఫీసు ఎనక వానకొలత డబ్బా కూడా నాదే.
ఇరవై ఆరేండ్లుగా పొద్దున ఎనిమిదిన్నరకు
గరాటు తీసి, సీసా ఎత్తి,
కొలగ్లాసులో పోసి కండ్లకు సమానంగా పట్టుకుని
ఎన్ని గీతలొస్తే అన్ని గీతలు రాస్తా.
రాకపోతే సున్నా.
మా కడప సీమలో సున్నా రాసేదానికి
చెయ్యి బాగా తిరిగుండాల సార్.

నవ్వుతాండారు. నవ్వండి.
షామియానా కింద కూలర్లు పెట్టినారు, నవ్వొస్తాది.
ఎండ కొలిచే పని నాకియ్యలేదు గానీ
చెప్పు తారురోడ్డుకు అంటుకుని
కాలు ఒట్టిగా లేచొస్తే
అది నలభై ఐదని నా అరికాలికి తెలుసు.

ఇదో రిజిస్టరు. అట్ట ఊడింది, దారంతో కుట్టినా.
పాత పేజీలు చూడండి:
ఆరు, పదకొండు, నాలుగు, ఇరవై.
వాన పద్ధతిగల్ల చుట్టం మాదిరి
చెప్పి వచ్చి, రెండు పూటలుండి, పోయేది.
ఇప్పటి పేజీ చూడండి.
డెబ్భై మూడు సున్నాలు, చీమలబారు.
డెబ్భై నాలుగోనాడు
నూటా అరవై ఎనిమిది.
సీసా నిండి డబ్బా నిండి పొర్లిపోయింది.
పొర్లింది ఎంతో నాకు తెలీదు,
అందుకని పక్కన "పైన" అని రాసినా.
ఓబులేసు శెనక్కాయ కుప్పలు,
పెన్నలో కలిసే వంకకు ఈ పక్క పదకొండు గొర్రెలు,
మా చిన్నాయన కూతురు మాబున్ని,
అందరూ ఆ "పైన"లోనే ఉండారు.

కంపెనీ వాళ్లదీ ఒక రిజిస్టరుంది.
రంగు బొమ్మలు, నున్నని కాగితం.
దుమ్ము హద్దులో ఉందని రాసినారు.
పగలుంటాది సార్.
రాత్రి రెండింటికి ఫిల్టర్ ఆపేస్తారు, కరెంటు మిగులుతాదని.
లోడింగుకు పోయే పిల్లోడు చెప్పినాడు,
వాని పేరు చెప్పను, మీరు రాసుకోవద్దు.
తెల్లారేసరికి చీనీ ఆకు మింద
వేలితో పేరు రాసుకోవచ్చు.
మూడో క్లాసు పిల్లోళ్లు రాసుకుంటాండారు కూడా.

అడిగితే, లోకమంతా ఇంతే అంటారు,
ఆకాశమే మారిపోయింది, మేమేం చేస్తాం అంటారు.
లోకంలో పొగగొట్టాలు శానా ఉండాయి, నిజమే.
మా ఇంట్లోనూ తొమ్మిదిమంది తింటాం సార్,
ఎవరి ఎంగిలి పళ్లెం వాళ్లే కడుగుతారు.

సిమెంటు వద్దనడం లేదు.
నాకూ రెండు అర్రలుండాయి, మీ మూటలతోనే కట్టినా.

పోయిన నెల పద్నాలుగో తేదీ
రాత్రి ఒక జల్లు పడింది.
రేకుల మింద చప్పుడు నేనే విన్యా.
ఎనిమిదిన్నరకు చూస్తే సీసాలో చుక్క లేదు.
గరాటు గొంతులో దుమ్ము,
దుమ్ము మింద వాన,
వాన మింద ఎండ.
కమ్మీతో కొట్టి కొట్టి తీస్తే
ఇది వచ్చింది.
పట్టుకోండి సార్, కరవదు.

ఆ పొద్దు ఏం రాసినావని తాసిల్దారు సారు అడిగినాడు.
సున్నా రాస్తే వాన అబద్ధమైతాది,
రెండో మూడో రాస్తే నేను అబద్ధమైతా.
గడి ఇడిసిపెట్టినా.
ఇరవై ఆరేండ్లలో ఒకటే ఖాళీ గడి.
ఫ్యాక్టరీ ఇంకో రెండింతలు పెంచేదానికి ముందు
అది నింపి సంతకం పెట్టమనండి,
పెద్దసారుతో, పూర్తి పేరుతో.

మనిషికి మూడు నిమిషాలేనంట, గంట కొడ్తాండారు.
పోతా.
రాయి మీ బల్ల మిందనే పెడ్తాండా.
ఊరికే కాదు, రసీదు రాసియ్యండి:

వాన. గట్టిది. ఒకటి.